ఇరవై టీ గ్లాసులు

చూపుల చిట్టా. చూపరి: కడలి వీరవేణి, రెండో తరగతి. పరిధి: కొత్తలంక తూర్పు రేవు.

ప్రతి పేజీ పైనా అచ్చు వేసి ఉండే నిబంధన: చూసింది చూశానని రాయాలి. విన్నది విన్నానని రాయాలి. అనుకున్నది రాయరాదు.

మూడోది నేను ఏనాడూ పాటించలేదు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు. అంటే ఎవరూ చదవట్లేదన్నమాట.

మే 6

చూసింది: పింఛను పుచ్చుకునేవాళ్ళు పద్నాలుగు మంది. అందరూ బతికే ఉన్నారు. పదిహేనో ఆయన గుబ్బల సాంబమూర్తి గారు స్నానంలో ఉన్నారంటే అరుగు మీద కూర్చున్నాను. లోపల్నుంచి దగ్గు వినపడింది గానీ దగ్గు చెల్లదు. తడి తువ్వాలుతో బయటికొచ్చాక రాసుకున్నాను: కనపడ్డారు.

"ఏవమ్మా వీరవేణీ, నేను పోయానేమోనని నెలనెలా ఆశగా వత్తావు," అన్నారాయన.

"మీరు పోతే ఈ చివరిదాకా నడక తప్పుద్దని ఆశండి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫొటో పంపితే సరిపోదా అని ఆయన మనవరాలు అడిగింది. ఈ కాలం పిల్ల, దానికేం తెలుసు! చనిపోయినవాళ్ళు పద్దెనిమిది వందల మంది ఓటేసి, వేలి మీద సిరా చూపిస్తూ నవ్వుతున్న ఫొటోలు వచ్చిన ఏడాది నుంచి బొమ్మ చెల్లదు. ఆ మరుసటేడు అంకెలు కూడా చెల్లకుండా పోయాయి, వాటినీ ఎవరో కూర్చుని వండేశారని తేలింది కాబట్టి. ఇప్పుడు చెల్లేది ఒక్కటే, రెండు కళ్ళున్న మనిషి స్వయంగా వెళ్ళి చూడడం. తూర్పు రేవుకి ఆ రెండు కళ్ళూ నావి.

మధ్యాహ్నం ఆవకాయ కలిపాం. మా ఆయన పేరు అబ్బులు, పూతరేకులు చేస్తారు, ఆయన చెయ్యి పడితే ఏదైనా తియ్యగానే వస్తుందని నాకు అనుమానం. కలుపుతుండగా నా కుడి కంట్లో కారం పడింది. ఆ కన్ను మూసుకుని ఎడం కంటితో బేసిన్‌లోకి చూస్తే ఆవకాయ గుమ్మడిపండు రంగులో ఉంది.

"ఏవండీ, కారం వేశారా, పసుపు వేశారా?"

"నీ కళ్ళెదురుగానే కదే వేశాను!"

"కారం దగ్గర కూడా పిసినారితనమేనా?" అని ఇంకో గిద్దెడు వేయించాను. కుడి కన్ను కడుక్కుని తెరిచేసరికి బేసిన్ ఎర్రగా మండిపోతోంది. రుచి చూసిన మనిషి నీళ్ళ చెంబు పట్టుకుని ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగారు. నేను ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను మూసి చూసుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

మే 9

ఆస్పత్రి. డాక్టర్ జ్ఞానమణి గారు ఎర్ర సీసా మూత ఒకటి పట్టుకుని, ఏ కంటికి ఎంత ఎరుపో చెప్పమన్నారు. కుడి కంటికి కుంకుమ. ఎడం కంటికి ఉతికి ఉతికి వెలిసిన రవిక. తర్వాత చిన్న స్కేలు పెట్టి, ఎడం కన్ను మూడు మిల్లీమీటర్లు ముందుకొచ్చిందన్నారు. ఊరందర్నీ చూసి సంతకాలు పెట్టే దాన్ని, అద్దంలో నా మొహం చూసుకునేది బొట్టు వరకే. సిగ్గేసింది.

"కంటి వెనక గడ్డ పెరుగుతోందండి," అన్నారావిడ. "కేన్సర్‌లా లేదు. కానీ చోటు మంచిది కాదు. చూపు నరం వెళ్ళే దారి లోపలికి పోయేకొద్దీ ఇరుకు. ఆ ఇరుకులో గడ్డ నరాన్ని నొక్కుతోంది. అందుకే ఎరుపు ముందు వెలిసింది."

"తీసేస్తే?"

"ఒత్తిడి తగ్గుతుంది. ఉన్న చూపు నిలవచ్చు, కాస్త తిరిగి రావచ్చు కూడా. కానీ తీయాలంటే ఆ నరం పక్కనే చెయ్యి పెట్టాలి. దానికి రక్తం తెచ్చే నాళాలు దారప్పోగుల్లా ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే ఆ కంటి చూపు పోవచ్చు."

"ఊరుకుంటే?"

"ఊరుకున్నా పోతుంది. మీది నెమ్మదిగా పెరిగే రకం కూడా కాదు. నెల దాటనివ్వకండి."

"పోవచ్చు అంటున్నారు. ఎంతమందికి పోయిందండీ?"

ఆవిడ గోడ మీది బోర్డు చూపించారు. *వైద్యులు నోటితో అంకెలు చెప్పరాదు. ప్రమాదము ప్రత్యక్షముగా చూపబడును.*

మెషీన్‌లో తీసిన బొమ్మ తెర మీద ఉంది. నాకు కనపడేలా తెరని ఇటు తిప్పి, "ఇది బొమ్మ కాబట్టి నేను చూపించినట్టూ కాదు, మీరు చూసినట్టూ కాదు," అన్నారు. నేను చూడనట్టే చూశాను. కన్నుగుడ్డు వెనక రేగుపండంత నీడ ఉంది.

ఒక కన్ను పోతే చూపరి లైసెన్సు సగమైపోతుంది. కానీ ఇంటికి నడుస్తూ లైసెన్సు గురించి ఆలోచించలేదు. మా ఆయన రేకు తీసేటప్పుడు కుండ మీద నుంచి అది పొరలా లేస్తుంటే రెండు కళ్ళతో చూడడం నాకిష్టం. ఆ సంగతే గుర్తొచ్చింది.

మే 13

వరుస మేస్త్రీ ఇంటికొచ్చాడు. పేరు వాసంశెట్టి గణేశ్వర్రావు. తెల్ల చొక్కా, జేబు నిండా రంగురంగుల చీటీలు. అంకె చెల్లదు కాబట్టి, ప్రమాదం ఎంతో రోగికి చెప్పాలంటే మనుషుల్ని నిలబెట్టాలి. ఇరవైలో ఒకరికి కన్ను పోతుందనుకుంటే, ఆ ఆపరేషన్ అయినవాళ్ళు ఇరవై మందిని వరుసగా నిలబెట్టి, పోయిన ఆ ఒక్కర్నీ అందులోనే చూపించాలి. అలా మనుషుల్ని సరఫరా చేసేవాడే వరుస మేస్త్రీ.

"మోకాళ్ళకి యాభై మందిని దింపుతానండి. పళ్ళకైతే వరుస రోడ్డు మీద బస్సులాపేత్తాది," అన్నాడు. "కంటి వెనక గడ్డలకి ఇరవయ్యేనండి. నిఖార్సైన వరుస. ఎనిమిదేళ్ళ నుంచి అదే వరుస, ఒక్క రిమార్కు లేదు."

"ఎనిమిదేళ్ళ నుంచి అదే ఇరవై మందా? ఈమధ్య ఆపరేషన్ అయినోళ్ళు?"

"మరేనండి, అలవాటైన మనుషులుంటే వరుస సాఫీగా నడుత్తాదండి."

వరుస చూసిన రోగి సంతకం పెడితే చాలు. కానీ నేను చూపరిని. నేను నా చిట్టాలో 'వరుస తప్పు' అని రాస్తే, కొత్త వరుస దొరికేదాకా ఆ జాతి ఆపరేషన్లన్నీ ఆగిపోతాయి. కనీసం ఆరు నెలలు. మేస్త్రీ ఈ సంగతి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పాడు, నాకు తెలియదన్నట్టు. మా ఆయన పెట్టిన పూతరేకులు రెండూ తిని, ఇంకోటి చీటీల జేబులో వేసుకుని పోయాడు.

మే 18

చూసింది: రేవు అవతలి గట్టు మీద మూడు వందల గజాల కొత్త రోడ్డు. రోడ్డు ఉంది. కొత్తదా కాదా అన్నది నన్ను అడగలేదు.

రోజూ నన్ను రేవు దాటించే లాంచి సరంగు మోషే. ముప్ఫై రెండేళ్ళ మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. లాంచిని గట్టుకి తగిలించేటప్పుడు మధ్యలో అరచెయ్యి పట్టేంత ఖాళీ కూడా ఉండదు, అంత నేర్పు. ఇవాళ ఎండ ఏటవాలుగా పడుతుంటే అతని కుడి కన్ను చూసి ఉలిక్కిపడ్డాను. ఈ తొమ్మిది రోజులుగా అద్దంలో నేను చూస్తున్నదే.

"ఏటక్కా అలా చూత్తన్నావు? నా మొకం మీద సర్కారు పనేవన్నా ఉందా?"

"నీ కుడి కన్ను ముందుకొచ్చింది మోషే."

"మా ఆవిడ అందంగా ఉన్నావంటే ఇదే కాబోలనుకున్నాను," అని నవ్వాడు.

"ఎటకారం కాదు. లోపల్నుంచి ఏదో తోస్తోంది. రేపే జ్ఞానమణి గారి దగ్గరికెళ్ళు. వెళ్ళావో లేదో వచ్చి చూస్తాను, నా పని అదే."

"ఆయ్, అలాగేనక్కా," అన్నాడు. నవ్వు మాత్రం ఆగిపోయింది.

మే 24

చూసింది: వరుస. ఆస్పత్రి వెనక హాలు, ఉదయం పది గంటలకి.

పంతొమ్మిది మంది ఒక పక్క, నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన చివర. వరుసలో నిలబడినవాళ్ళు ఒక్క ముక్కే మాట్లాడాలి. పంతొమ్మిది మంది 'నాకు బాగుందండి' అనాలి, ఇరవయ్యో మనిషి 'నాకు పోయిందండి' అనాలి. ఇంకేం మాట్లాడినా వరుస చెడిపోయినట్టే.

"నాకు బాగుందండి." "నాకు బాగుందండి." మధ్యలో పేరంటాలు గారని ఒక పెద్దావిడ ఉంది, చేనేత చీర, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. ఆవిడ కూడా అదే అంది, మొహం ఓ పక్కకి తిప్పి. నల్లద్దాలాయన "నాకు పోయిందండి" అని, అడక్కుండానే ఒక కన్నీటి చుక్క కార్చాడు. మంచి పనివాడు.

అప్పుడు టీ వచ్చింది. ఇరవై గ్లాసులు బల్ల మీద పెట్టారు, ఇరవై చేతులు వెళ్ళాయి.

చూపరుల శిక్షణలో మొదటి వారం నేర్పేది ఇదే. మనిషి ఎంత చూస్తున్నాడో తెలియాలంటే కన్ను కాదు, చెయ్యి చూడాలి. ఒక కన్నే పనిచేసే మనిషికి దూరం సరిగా అందదు. చెయ్యి వస్తువుకి ఇవతలే ఆగిపోయి, కాస్త తడుముకుని అప్పుడు పట్టుకుంటుంది. పంతొమ్మిది చేతుల్లో ఆరు చేతులు గ్లాసుకి ఇవతల గాలిని పట్టుకున్నాయి. ఆ ఆరింట్లో పేరంటాలు గారి చెయ్యి ఏకంగా పక్కావిడ గ్లాసు దగ్గరికెళ్ళింది.

ఇక నల్లద్దాలాయన గ్లాసు బల్ల అంచు నుంచి జారింది. ఆయన దాన్ని గాల్లో పట్టేశాడు. చుక్క ఒలకలేదు.

"అలవాటండి, అంతా అలవాటు," అన్నాడు మేస్త్రీ, నా మొహం చూస్తూ.

నా చిట్టా నా ముందు పెట్టారు. 'వరుస' అన్న గడిలో రాశాను: ఇరవై మంది కనపడ్డారు. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కింద 'విశేషాలు' అని ఇంకో గడి ఉంది. ఏమీ లేకపోతే దాని మీద అడ్డగీత గీసెయ్యాలి. రాయడానికి చెయ్యి రాలేదు, గీత గీయడానికీ రాలేదు. ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టాను.

గుమ్మం దగ్గర పేరంటాలు గారు నా పక్కకొచ్చింది.

"కనిపెట్టేశావు కదా అమ్మాయ్?"

"ఆయ్."

"రాసేత్తావా?"

"రాస్తే నాదీ ఆగిపోద్దండి. నాకు నెల కూడా లేదు."

"మరే," అందావిడ. "నేనొచ్చిన రోజు నాక్కూడా అనుమానమొచ్చింది. నాదెక్కడ ఆగిపోద్దోనని నోరు మూసుకున్నాను. ఈ ఆరుగురం అంతే." చెంగుతో ఎడం కన్ను తుడుచుకుంది. ఆ కంట్లో నీళ్ళు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి.

మే 25

విన్నది. డాక్టరు గారిని తలుపేసి అడిగాను. వరుస నిజమేనా అన్నాను.

"ఆపరేషన్ చేసే డాక్టరు వరుస చూడకూడదండి, ప్రభావితం చేస్తామట," అన్నారావిడ. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి గోడ మీద బోర్డుకి వీపు తిప్పి కూర్చున్నారు. "నరానికి ఇంత దగ్గరగా ఉన్నవి నేను పదకొండు చేశాను. నలుగురికి చూపు పోయింది. ఏడుగురికి నిలిచింది. నరానికి దూరంగా ఉన్నవాటికి భయం తక్కువ. మీది దగ్గర. మీరు విన్నట్టు రాసుకోండి. రాయకపోతే ఇంకా మంచిది."

పదకొండులో నాలుగు. అది విన్నాక నాకు ధైర్యం రావడమేమిటో తెలియదు గానీ, వచ్చింది. అబద్ధమాడని మనిషి చేతిలో కన్ను పెడుతున్నాననుకున్నాను. చేయించుకుంటానని చెప్పేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన రేకు మీద నెయ్యి రాయడం ఆపేశారు. "పోతే నా కన్నొకటి ఇచ్చేద్దును, తీసుకునే వీలుంటే," అన్నారు. ఈయన ఇలాంటి మాటలు అనే మనిషి కాదు, పెళ్ళిచూపుల్లో కూడా అనలేదు. ఇద్దరం ఆ మాట విననట్టే మళ్ళీ రేకుల పనిలో పడ్డాం.

నాకు భయంగా ఉంది. అనుకున్నది రాయరాదు. రాస్తున్నాను.

జూన్ 5

ఈ పేజీ మా ఆయన చేతిరాత. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నారు.

ఆపరేషన్ ఒకటో తారీఖున అయింది. తీసిన గడ్డని చూపరి ఒకరు చూడాలి కాబట్టి పక్క రేవు ఆయన్ని పిలిచి స్టూలు ఎక్కించారట. ఆయన "గడ్డ కనపడింది" అని రాసి, స్టూలు మీదే కళ్ళు తిరిగి పడిపోయాడట. అతన్ని లేపిన సంగతి చూడడానికి మూడో చూపరి కావాల్సి వచ్చిందట. ఇదంతా విన్నదే.

ఇవాళ కట్టు విప్పారు. ఎడం కంటికి కిటికీ వైపు తిరిగితే వెలుతురుందని తెలుస్తోంది. అంతే. డాక్టరు గారి మొహం లేదు, చెయ్యి లేదు, ఎర్ర మూత లేదు.

"గడ్డ మొత్తం వచ్చేసిందండి," అన్నారావిడ మెల్లగా. "నరం దెబ్బతింది. మందులిస్తున్నాను, కొన్ని వారాలు చూద్దాం. కానీ ఆశ పెట్టి అబద్ధం చెప్పను. క్షమించమని అడగడానికి కూడా మాకు అనుమతి లేదు."

"పన్నెండులో ఐదు చేసుకోండి," అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. నేను ఏడ్చాను. రెండు కళ్ళూ ఏడ్చాయి.

జూన్ 19

మందులు ఆపేశారు. వెలుతురు తప్ప ఇంకేం రాలేదు. లైసెన్సు కాగితం వచ్చింది. ఇక నేను అర చూపరిని. నా సంతకం చెల్లాలంటే ఇంకో అర చూపరి పక్కన నిలబడి అదే వస్తువుని చూడాలి. పైగా ఒకరికి ఎడం కన్నుంటే ఇంకొకరికి కుడి కన్నుండాలట, ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి మనిషి అయ్యేలా. జిల్లాలో ఉన్న ముగ్గురు అర చూపరులకీ నాలాగే కుడి కన్నే ఉంది. ఎడం కన్ను మిగిలినవాడు ఎక్కడైనా దొరికేదాకా ఇంట్లో ఉండమన్నారు.

పొద్దున్న టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోశాను. గోడకి భుజం కొట్టుకుంది. మెట్టు ఒకటి ఎక్కువ దిగాను. మా ఆయన బల్ల తుడిచారు.

పదకొండింటికి గణేశ్వర్రావు మేస్త్రీ వచ్చాడు, యాపిల్ పళ్ళతో.

"మా వరుసలో ఒకావిడ కూతురి దగ్గరికెళ్ళిపోయిందండి. ఆ చోటు మీకే అనుకున్నాను. పంతొమ్మిది మందిలో."

"పంతొమ్మిది మందిలోనా? నాకు కన్ను పోయింది కదండీ!"

"ఎక్కడ పోయిందండీ? ఇక్కడే ఉంది కదా," అని నా మొహం చూపించాడు. "గడ్డ పోయిందా లేదా? పోయింది. కన్ను ఉందా లేదా? ఉంది. ఆపరేషన్ అంటే మరేంటండీ? ఆ నల్లద్దాలాయన పోస్టు మటుకు ఖాళీ లేదండి, ఆయన పర్మినెంటు."

యాపిల్ పళ్ళు అతని చేతికిచ్చి తలుపు చూపించాను. ఒకటి గురి చూసి విసిరాను కూడా. తగల్లేదు. ఇంతకుముందైతే తగిలేది.

జూన్ 27

మోషే వచ్చాడు. అతనిదీ గడ్డేనట, కుడి కంటి వెనక, నరానికి ఆనుకునే ఉంది. కానీ నెమ్మదిగా పెరిగే రకమట. ఎరుపు ఇంకా ఎరుపులాగే ఉంది. ఇప్పుడే తీయక్కర్లేదు, మూడు నెలలకోసారి చూస్తూ ఆగొచ్చు అన్నారట డాక్టరు గారు.

"మరి ఆగు."

"ఎందుకక్కా? ఇరవైలో ఒకటేనంటగా, మేస్త్రీ చెప్పాడు. ఈ వానల్లో లాంచీలు ఎలాగూ ఆపేత్తారు. ఇప్పుడే తీయించేసుకుంటే గొడవొదిలిపోద్ది. నువ్వు సంతకం పెట్టిన వరుసే కదా, ఇంకా నమ్మకం." తర్వాత నా కన్ను చూసి గొంతు తగ్గించాడు. "నీకు దురదృష్టం పట్టింది గానీ."

దురదృష్టం! ఇరవైలో ఒకటైతే దురదృష్టమే. సరంగుకి రెండు కళ్ళూ లేకపోతే లాంచి ఇవ్వరు. అతను ఆస్పత్రికి వెళ్ళింది నేను చెప్పబట్టి, నమ్మింది నేను సంతకం పెట్టబట్టి. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పాను కూడా. ఆరుగురు మోషే, ఒకరు కాదు, అన్నాను.

"బాధలో ఉన్నావక్కా," అన్నాడతను. ఎంత మెత్తగా అన్నాడో! నేను చెప్పింది విన్నదాని కింద జమ. విన్నది చెల్లదు. కళ్ళతో చూడందే నమ్మవద్దని ఈ ఊరికి నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అతను వెళ్ళాక మేస్త్రీకి కబురు పెట్టాను, వరుసలో నిలబడతానని.

జూలై 2

చూసింది, ఒక కంటితో: వరుస. అదే హాలు. నేను పదకొండో మనిషిని, పేరంటాలు గారు పన్నెండు. ఎదురుగా కుర్చీలో మోషే, తలుపు దగ్గర డాక్టరు గారు. ఆవిడ వరుస చూడకూడదు కాబట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

మేస్త్రీ తెలివైనవాడు. నేను చేతులు చూసిన సంగతి ఆ రోజే కనిపెట్టాడు. ఇప్పుడు టీ బల్ల మీద పెట్టడం లేదు, ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలోనే పెట్టిస్తున్నాడు.

"నాకు బాగుందండి," మొదటి మనిషి. "నాకు బాగుందండి," రెండో మనిషి. మోషే తలూపుతున్నాడు.

నా వంతు వచ్చింది. నా చేతిలో గ్లాసుని ముందున్న బల్ల మీద పెట్టాను. మూరెడు వెనక్కి జరిగాను. మోషే కళ్ళలోకి చూస్తూ, "నాకు బాగుందండి," అని చెయ్యి చాపాను. నా వేళ్ళు గ్లాసుకి జానెడు ఇవతల మూసుకున్నాయి.

"ఏటక్కా?" అన్నాడు మోషే.

"నాకు బాగుందండి," అని మళ్ళీ చాపాను. ఈసారి గ్లాసు పక్కనుంచి పోయింది.

లాంచి గట్టుకి ఎంత దూరంలో ఉందో వేలి మందం లెక్కలో చెప్పగల మనిషి అతను. కుర్చీలోంచి లేచాడు. నా చెయ్యి చూశాడు, గ్లాసు చూశాడు.

"అమ్మా, వరుస కదలకూడదండి," అన్నాడు మేస్త్రీ. నేను ఇంక కదల్లేదు. మాట్లాడింది కూడా ఆ ఒక్క ముక్కే.

పక్కన చప్పుడైంది. పేరంటాలు గారు తన గ్లాసు బల్ల మీద పెట్టింది. "నాకు బాగుందండి," అని చెయ్యి చాపి నా గ్లాసు పట్టుకుంది. దాన్ని అక్కడే పెట్టి మళ్ళీ చాపింది, ఈసారి ఏమీ పట్టుకోలేదు. ఆవిడకి నవ్వొచ్చింది. ఎనిమిదేళ్ళుగా దాచిన నవ్వు, ఆగలేదు. తర్వాత పదిహేనో మనిషి, పదిహేడో మనిషి, ఆ పైన వరుసలో వెనక్కి, ముందే తమ ముక్క అనేసిన మూడో మనిషి, ఏడో మనిషి. గ్లాసు పెట్టడం, "నాకు బాగుందండి" అనడం, గాలిని పట్టుకోవడం. చివరగా ఒక రిటైర్డు లెక్కల మాస్టారు గ్లాసుని బోర్లా కొట్టేసి, టీ మేస్త్రీ తెల్ల చొక్కా మీద పడ్డాక, ఎంతో మర్యాదగా "నాకు బాగుందండి" అన్నారు. గొడవేమిటో అర్థంకాని నల్లద్దాలాయన మాత్రం దొర్లుతున్న ఆ గ్లాసుని జాగ్రత్తగా పట్టుకుని నిలబెట్టాడు.

"టీ వేడండి! వేడికి చేతులు జంకుతున్నాయండి!" అన్నాడు మేస్త్రీ.

మోషే వరుస పొడవునా నడిచాడు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఏడో వేలు దగ్గర ఆగి, గోడ వైపు తిరిగి ఉన్న డాక్టరు గారి దగ్గరికెళ్ళాడు.

"అమ్మా, నాది ఆగొచ్చన్నారు కదండీ?"

"ఆగొచ్చు," అన్నారావిడ గోడతోనే. "ఎరుపు వెలిసినా, కన్ను ఇంకా ముందుకొచ్చినా వెంటనే రావాలి. అప్పుడు మాత్రం ఆగకూడదు."

"అలాగేనండి. అప్పుడు వత్తాను. ఏడని తెలిసే వత్తాను." నా దగ్గరికొచ్చి, బల్ల మీది గ్లాసు తీసి నా చేతిలో పెట్టాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగాను.

జూలై 11

ఆరోగ్య శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. చూసింది, కాగితం మీద, ముద్రతో సహా: *ప్రమాద ప్రదర్శన వరుసలలో ఇటీవల జరిగిన అవాంఛనీయ సంఘటన దృష్ట్యా, తక్షణం అమలులోకి వచ్చే విధంగా వరుసలలో టీ నిషేధించడమైనది. కాఫీ, మజ్జిగ కూడా ఈ నిషేధం కిందికి వచ్చును.*

అంతే. వరుస అలాగే ఉంది. సోమవారం ఇంకెవరో వస్తారట చూడడానికి. అర చూపరి రాత చెల్లదు, పేరంటాలు గారి మాట చెల్లదు, మాస్టారి టీ మరక మొదలే చెల్లదు.

కోపంతో చిట్టా తిరగేస్తుంటే మే 24 పేజీ దొరికింది. రెండు కళ్ళున్న రోజు పేజీ. పూర్తి చూపరి సంతకం. 'విశేషాలు' గడి ఖాళీగా ఉంది. అడ్డగీత లేదు. గీత పడని గడి ఎప్పుడైనా నింపవచ్చు, ఆ రోజు చూసిందే అయితే. ఈ నిబంధన చూపరుల నిబంధనల పుస్తకంలో నలభై మూడో పేజీలో ఉంది. నాకు తప్ప ఎవరికీ గుర్తుండి ఉండదు.

రాసేముందు చిట్టా చంకలో పెట్టుకుని డాక్టరు గారి దగ్గరికెళ్ళాను. ఇది రాస్తే ఆపరేషన్లు ఆగిపోతాయి, నాలాగా నెల గడువున్నవాళ్ళు ఏమైపోతారని అడిగాను. ఆవిడ సొరుగులోంచి చేత్తో రాసిన కాగితం తీశారు. పన్నెండు పేర్లు, పన్నెండు ఇళ్ళు. చివరి పేరు నాది.

"అందరూ ఈ లంకల్లోనే ఉన్నారు. మేస్త్రీ అక్కర్లేదు. పిలిస్తే ఎల్లుండికి వస్తారు. ఎవరికి ఎలా ఉందో వాళ్ళే చెబుతారు, ఎంతసేపు కావాలంటే అంతసేపు. దీన్ని కొత్త వరుసగా చూడడానికి చూపరి దొరికితే చాలు."

"స్టూలు మీంచి పడ్డాయన ఉన్నాడు కదండీ. ఈసారి కూర్చోబెట్టి చూపిద్దాం."

ఇంటికొచ్చి, కుడి కన్ను పేజీకి దగ్గరగా పెట్టుకుని గడి నింపాను. అక్షరాలు గీత మీద నిలబడలేదు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అయినా చదవచ్చు.

*విశేషాలు: బాగుందన్నవారి చేతులు పంతొమ్మిది. గ్లాసు అందనివి ఆరు. పోయిందన్న ఒక్కరికీ రెండు కళ్ళూ కనపడుతున్నాయి. వరుస తప్పు. ఇది ఆ రోజే రాయవలసింది.*

సంతకం పెట్టి చిట్టా మూశాను. మా ఆయన టీ తెచ్చారు. ఈమధ్య గ్లాసుని మెల్లగా పెట్టడం మానేసి, ఎక్కడుందో నాకు తెలిసేలా బల్ల మీద టక్కుమని పెడుతున్నారు.

విన్నాను. చెయ్యి నేరుగా వెళ్ళింది.